సంతకం సరే, తేదీ ఎప్పటిది?

ఎడిటర్ గారికి నమస్కారం.

పెళ్లికి ముందు రాసుకునే ఆస్తి ఒప్పందాల గురించి, అదే ప్రీనప్ అంటున్నారు కదా, ఎవరు మాట్లాడినా మాట ఒక్కచోటే ఆగిపోతోంది. నమ్మకం ఉంటే కాగితం ఎందుకని ఒకరు, కాగితం ఉంటే తప్పేంటని ఇంకొకరు. ఈ వాదనలో ఎవరిది గెలుపైనా అసలు ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. రేపు ఖర్మ కాలి ఆ కాగితం జడ్జి బల్ల మీదకి వెళ్తే నిలబడుతుందా, కొట్టేస్తారా? అది దేన్ని బట్టి ఉంటుంది? ఈ ముక్క విడమరిచి చెప్పేవాళ్లు కనపడలేదు, అందుకే రాస్తున్నాను. ఉత్తరం పెద్దదే, వీలైతే కత్తిరించకుండా వేయండి.

మా చెల్లెలికి జరిగింది ముందు చెప్తాను. పెళ్లి ఇంకా నాలుగు రోజులు ఉందనగా తనకి ఒక మెయిల్ వచ్చింది, దాని వెనకే కొరియర్‌లో ఒక కవరు. లోపల 23 పేజీలు, ఇంగ్లీషులో, పెళ్లికొడుకు తరఫు లాయర్ తయారు చేసింది. సంతకం పెట్టాల్సిన చోటల్లా పసుపు రంగు చీటీలు అంటించి ఉన్నాయి, అంటే చదవక్కర్లేదు, చీటీ ఉన్నచోట పెన్ను పెడితే చాలు అన్నట్టు. చెల్లెలు ఫోన్ చేసి "అక్కా, అందరూ పెట్టే ఫార్మాలిటీయే అంటున్నాడు, ఇప్పుడు కాదంటే ఏమనుకుంటారో" అంది. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. నేను వెళ్లి ఆ పేజీలు తిరగేశాను. 19వ పేజీలో "షెడ్యూల్ ఎ, మొదటి పక్షం ఆస్తులు, అప్పులు" అని శీర్షిక ఉంది, దాని కింద ఏమీ లేదు. తెల్ల కాగితం. ఆ తర్వాతి పేజీలో మాత్రం "ఇరు పక్షాలూ ఒకరి ఆస్తి అప్పులు ఒకరు పూర్తిగా తెలుసుకున్నారు, ఇద్దరూ తమ తమ సొంత లాయర్ల సలహా తీసుకున్నారు" అని అచ్చయి ఉంది. మా చెల్లెలు అప్పటికి ఏ లాయర్ మొహమూ చూడలేదు. తనకి తెలిసిన ఆస్తల్లా అతనికి ఒక వ్యాపారం ఉందని, అంతే.

నేను లాయర్‌ని కాదు. కానీ ఆ రాత్రి మొదలుపెట్టి నెలల తరబడి దీని గురించే చదివాను, ఇద్దరు లాయర్ల దగ్గర కూర్చుని అడిగాను. నాకు అర్థమైంది రాస్తున్నాను.

ముందు ఇది ఎలా పనిచేస్తుందో చెప్పాలి. పెళ్లయిన మరుక్షణం నుంచి భార్యాభర్తల ఆస్తి విషయంలో ప్రతి దేశానికీ ఏదో ఒక చట్టం వర్తిస్తుంది, మనం ఏ సంతకం పెట్టకపోయినా సరే. అమెరికాలో కాలిఫోర్నియా, టెక్సాస్ లాంటి 9 రాష్ట్రాల్లో పెళ్లయ్యాక సంపాదించింది మామూలుగా ఇద్దరి ఉమ్మడి ఆస్తి. మిగతా రాష్ట్రాల్లో చాలావరకు కోర్టు న్యాయమనిపించిన పద్ధతిలో పంచుతుంది, అది సగం సగమే కానక్కర్లేదు. ఇంగ్లండ్‌లో జడ్జి విచక్షణకి చాలా వదిలేస్తారు. ప్రీనప్ చేసే పని ఏమిటంటే, ఆ మామూలు నియమం మాకొద్దు, మా ఇద్దరి మధ్య ఈ నియమం ఉండనీ అని ముందే చెప్పడం. పెళ్లికి ముందున్న ఇల్లు ఎవరిది, తల్లిదండ్రుల నుంచి రాబోయే ఆస్తి ఎవరిది, ఒకరి పేరున ఉన్న వ్యాపారం పెళ్లయ్యాక పెరిగితే ఆ పెరుగుదలలో రెండోవాళ్లకి వాటా ఉందా లేదా, ఒకరు తెచ్చిన అప్పుకి ఇంకొకరు పూచీ పడాలా, విడిపోతే భరణం ఎంత, ఒకరు పోతే రెండోవారికి ఏం దక్కాలి, ఇవన్నీ రాసుకోవచ్చు. అప్పుల మాట నేను ప్రత్యేకంగా అంటున్నాను, ఎందుకంటే ప్రీనప్ అనగానే అందరికీ కోటీశ్వరులే గుర్తొస్తారు గానీ, చదువు కోసమో వ్యాపారం కోసమో పెద్ద అప్పు ఉన్న మనిషిని చేసుకునేవాళ్లకి కూడా ఇది అంతే అవసరం.

రాసినా చెల్లనివి కొన్ని ఉన్నాయి. పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి, వాళ్ల ఖర్చు ఎవరు ఎంత పెట్టాలి అన్నది ఇంకా పుట్టని పిల్లల తరఫున తల్లిదండ్రులు ముందే రాసేస్తే కోర్టు దానికి కట్టుబడదు, ఆ రోజున ఆ బిడ్డకి ఏది మేలో అదే చూస్తుంది. ఇంటి పని ఎవరు చేయాలి, ఒంటి బరువు ఎంత దాటకూడదు లాంటి షరతులు కోర్టుకి పనికొచ్చేవి కావు. నేరాన్ని సమ్మతించే మాటలు ఎలాగూ చెల్లవు. విడాకులు తీసుకుంటేనే లాభం అన్నట్టు రాసినవీ అనుమానం తెప్పిస్తాయి.

నిజానికి చాలాకాలం పాటు, విడాకుల్ని ఊహించి రాసుకున్న ఏ ఒప్పందమైనా సమాజ హితానికి విరుద్ధమనే కోర్టులు కొట్టేసేవి. ఒకరు చనిపోతే ఆస్తి ఏమవ్వాలి అన్నంతవరకే ఒప్పుకునేవి. 1970లో ఫ్లోరిడా సుప్రీంకోర్టు పోస్నర్ కేసులో ఆ గీత దాటింది. విడాకులు లోకంలో ఉన్నాయి కాబట్టి వాటి గురించి ముందే రాసుకున్నంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదంది. 1983లో అమెరికాలో దీనికోసం ఒక నమూనా చట్టం తయారైంది, తర్వాత చాలా రాష్ట్రాలు దాన్ని ఏదో ఒక రూపంలో తీసుకున్నాయి. ఆ చట్టం అడిగేది పెద్దగా ఏమీ లేదు. ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, ఇద్దరూ సంతకం చేయాలి, ఇష్టపూర్వకంగా చేయాలి. అన్యాయం కళ్లకి కొట్టొచ్చినట్టు ఉండి, పైగా ఎదుటివారి ఆస్తి అప్పులు సంతకం పెట్టే మనిషికి చెప్పకుండా దాచి ఉంటే, చెల్లదు. భరణం వదులుకున్నందువల్ల ఆ మనిషి ప్రభుత్వ సాయం మీద బతకాల్సి వచ్చేటట్టుంటే, కాగితంలో ఏం రాసి ఉన్నా కోర్టు కొంత ఇప్పించవచ్చు.

ఇష్టపూర్వకంగా అన్నది చిన్న మాటలా ఉంది గానీ, కేసులన్నీ నడిచింది ఆ ఒక్క మాట మీదే. సంతకం తనదే, ఎవరూ చెయ్యి పట్టుకుని పెట్టించలేదు, మరి ఇష్టం లేదని ఎలా అంటారు? ఇక్కడ కోర్టులు అన్నీ ఒకే దారిలో వెళ్లలేదు. పెన్సిల్వేనియాలో 1975లో ఒక నర్సుకి, అప్పటికి వయసు 23, పెళ్లి ముందు రోజు సాయంత్రం పెళ్లికొడుకు లాయర్ కాగితాలు తెచ్చి ఇచ్చాడు. అతను 39 ఏళ్ల న్యూరోసర్జన్. విడిపోతే ఆమెకి వారానికి 200 డాలర్లు, మొత్తం 25,000 డాలర్లకి మించకూడదు, అని ఉంది. ఆమెకి లాయర్ లేరు. 1990లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఏమందంటే, పెద్దవాళ్లు ఇద్దరు రాసుకున్న కాంట్రాక్టు ఇది, బాగా ఆలోచించుకున్నారా లేదా అన్నది మేం చూడం, చెల్లుతుంది అంది. ఆ తీర్పు సారాంశం చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు, మా చెల్లెలి నాలుగు రోజులు ఆ ముందు రోజు సాయంత్రం కన్నా ఎంతో మెరుగని చెప్పుకోవాల్సి వచ్చింది కాబట్టి.

కాలిఫోర్నియాలో బేస్‌బాల్ ఆటగాడు బ్యారీ బాండ్స్ కేసు కూడా అలాంటిదే. 1988లో పెళ్లికి ముందు రోజు సంతకం, స్వీడన్ నుంచి వచ్చిన భార్యకి సొంత లాయర్ లేరు, 2000లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు అది ఇష్టపూర్వకమే అని తేల్చింది. కానీ ఆ తర్వాత జరిగింది చూడండి. ఆ మరుసటి ఏడాదే అక్కడి శాసనసభ చట్టాన్ని మార్చింది. కాగితం చేతికి ఇచ్చాక సంతకానికి మధ్య కనీసం 7 రోజులు ఉండాలి. సొంత లాయర్ ఉండాలి, వద్దనుకుంటే ఆ వద్దన్న మాట విడిగా రాసి ఇవ్వాలి. భరణం వదులుకునే షరతు ఉంటే, ఆ వదులుకునే మనిషికి సంతకం నాటికి సొంత లాయర్ లేకపోతే ఆ షరతు అసలు అమలే కాదు. ఒత్తిడి ఉందా లేదా అని మనసులోకి తొంగి చూడటం కష్టం, అందుకని క్యాలెండర్ చూసి లెక్కపెట్టే పద్ధతి పెట్టారు. నాకు ఇది చాలా తెలివైన పని అనిపిస్తుంది. ఇంగ్లండ్ లా కమిషన్ కూడా 2014లో దాదాపు ఇదే దారిలో సిఫారసు చేసింది, అక్కడ గడువు 28 రోజులు, సంతకం అయ్యాక పెళ్లికి కనీసం అన్ని రోజులు ఉండాలని.

సొంత లాయర్ ఉంటే చాలు, ఇక భయం లేదు అనుకునేవాళ్లకి ఆస్ట్రేలియా కేసు చెప్పాలి. 2017లో అక్కడి హైకోర్టు, అదే వాళ్ల అత్యున్నత న్యాయస్థానం, థార్న్ వర్సెస్ కెనడీ అనే కేసులో తీర్పిచ్చింది. ఆన్‌లైన్‌లో పరిచయమైన ఒకాయన కోసం ఆ దేశం వచ్చిన ఒక మహిళ, ఆయన బాగా ఆస్తిపరుడు. సంతకం పెట్టకపోతే పెళ్లి లేదన్నాడు. పెళ్లి నాలుగు రోజులుందనగా ఆమె సంతకం చేసింది. అంతకు ముందు ఆమెకి స్వతంత్రంగా ఒక లాయర్ ఉన్నారు, చదివి, ఇది పూర్తిగా నీకు నష్టం, సంతకం పెట్టొద్దని కూడా చెప్పారు. అయినా పెట్టింది, ఎందుకంటే తల్లిదండ్రులు, బంధువులు అప్పటికే దిగిపోయారు, ఆ దేశంలో ఉండే హక్కు, ఉండే ఇల్లు, పుట్టబోయే పిల్లల మీద ఆశ అన్నీ ఆ పెళ్లి మీదే ఆధారపడి ఉన్నాయి. కోర్టు ఆ ఒప్పందాన్ని రద్దు చేసింది. సలహా అందింది గానీ, ఆ సలహా ప్రకారం నడుచుకునే వీలు ఆమెకి లేదు. లాయర్ ఉన్నారా అని కాదు, కాదనగలిగే స్థితిలో ఉందా అని అడిగింది కోర్టు.

ఇక రెండో వైపు. ఇంగ్లండ్‌లో 2010 నాటి రాడ్‌మాకర్ కేసులో భర్తకి సొంత లాయర్ సలహా లేదు, భార్య ఆస్తి వివరాలు పూర్తిగా చెప్పలేదు, అయినా సుప్రీంకోర్టు ఆ ఒప్పందానికి బలం ఇచ్చింది. జర్మనీ అమ్మాయి, ఫ్రెంచ్ అబ్బాయి, 1998లో జర్మనీలో నోటరీ ముందు రాసుకున్నారు, కొన్ని నెలలకి లండన్‌లో పెళ్లి. ఆస్తి అమ్మాయిది. అబ్బాయి బ్యాంకర్, ఏం సంతకం చేస్తున్నాడో తెలిసినవాడు, వివరాలు కావాలంటే అడగగలిగినవాడు. ఇష్టపూర్వకంగా, దాని పర్యవసానం పూర్తిగా తెలిసి చేసుకున్న ఒప్పందాన్ని, ఇప్పటి పరిస్థితుల్లో అమలు చేయడం అన్యాయమైతే తప్ప కోర్టు గౌరవించాలి అన్నది ఆ తీర్పు సారం. తొమ్మిది మంది జడ్జీల్లో ఒక్క లేడీ హేల్ మాత్రం ఒప్పుకోలేదు. ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒకటి తెలిసింది, లాయర్, గడువు, ఆస్తుల చిట్టా, ఇవేవీ విడివిడిగా మంత్రాలు కావు. సంతకం పెట్టిన మనిషికి తెలిసిందా, కాదనే వీలుందా అన్న రెండు ప్రశ్నలకి అవి సాక్ష్యాలు. సాక్ష్యం ఎంత ఎక్కువగా ఉంటే కాగితం అంత గట్టిది.

"ఇప్పటి పరిస్థితుల్లో" అన్న మాట గమనించారా? సంతకం నాటికి న్యాయంగా ఉన్నది పదిహేనేళ్లకి అలా ఉండకపోవచ్చు. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తున్నప్పుడు భరణం వద్దు అని ఇద్దరూ రాసుకుంటే అందులో తప్పేం లేదు. తర్వాత పిల్లలు పుట్టారు, ఒకరు ఉద్యోగం మానేశారు, పదేళ్లు ఇంట్లోనే ఉన్నారు, లేదా జబ్బు చేసింది. అప్పుడు అదే వాక్యం మనిషిని రోడ్డు మీదకి తెస్తుంది. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2001లో ఒక గర్భిణి పెళ్లికి ముందు రాసిన ఒప్పందం విషయంలో, ఇద్దరి మధ్య బలం ఇంత ఒకవైపు మొగ్గి ఉన్నప్పుడు ఒప్పందాన్ని కోర్టులు పరిశీలించి తీరాలంది. నోటరీ ముందు రాసినా సరే. నన్నడిగితే ఏ ఒప్పందంలోనైనా పిల్లలు పుడితే ఏంటి, ఉద్యోగం మానేస్తే ఏంటి, ఇన్నేళ్ల తర్వాత ఈ షరతు దానంతటదే రద్దవుతుందా అన్నవి రాసి ఉండాలి. ఇవి లేని కాగితం ఎంత లావుగా ఉన్నా సగం రాసినట్టే.

మన దేశం సంగతి క్లుప్తంగా చెప్తాను. ఇలాంటి ఒప్పందాల కోసం ఇక్కడ విడిగా చట్టం లేదు, 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారమే చూస్తారు, అందులో 23వ సెక్షన్ ప్రకారం ప్రజా విధానానికి విరుద్ధమైనది చెల్లదు. భార్యని పుట్టింటి నుంచి ఎప్పటికీ తీసుకెళ్లనని భర్త రాసిచ్చిన ఒప్పందం చెల్లదని 1901లోనే కలకత్తా హైకోర్టు అంది. భరణం అడగనని ముందే రాసిచ్చినా ఆ హక్కు పోదని కోర్టులు పదే పదే చెప్పాయి. గోవాది వేరే దారి, పోర్చుగీసు కాలం నాటి సివిల్ కోడ్ ప్రకారం అక్కడ పెళ్లితో ఆస్తులు ఉమ్మడి అవుతాయి, వద్దనుకుంటే పెళ్లికి ముందే దస్తావేజు రాసుకోవచ్చు. ముస్లిం వివాహం ఎలాగూ ఒప్పందమే, మెహర్‌తో పాటు షరతులు కూడా రాసుకోవచ్చు. మిగతావాళ్ల విషయంలో ఆ కాగితం కోర్టులో ఒక సాక్ష్యంగా పనికొస్తుందేమో గానీ, అది చూపించి ఆస్తి పంచేయమని అడగలేం. ఈ తేడా తెలియకుండా వేరే దేశం నమూనా డౌన్‌లోడ్ చేసుకుని పేర్లు మార్చి సంతకాలు పెట్టేవాళ్లని చూస్తే నాకు భయం వేస్తుంది. ఒక దేశంలో రాసుకుని ఇంకో దేశంలో కాపురం పెట్టేవాళ్లు ఈ రెండు చోట్లా అది చెల్లుతుందో లేదో కనుక్కోకపోతే ఆ ఖర్చంతా వృథా.

ఇంకో మాట, ఇది ఎవరూ చెప్పరు. కాగితం పక్కాగా ఉన్నా, ఆ తర్వాత మనం నడుచుకునే తీరు దాన్ని నీరుగార్చేస్తుంది. "ఈ ఇల్లు నా సొంతం" అని రాసుకున్నారు, బాగానే ఉంది. ఆ ఇంటి లోను వాయిదాలు ఇద్దరి జీతాలూ పడే జాయింట్ అకౌంట్ నుంచి పన్నెండేళ్లు కట్టారు, మరమ్మతులు రెండోవాళ్ల పొదుపులోంచి చేయించారు. ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరి డబ్బెంత? ఏ బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి విడదీస్తారు? వేరుగా ఉంచాలనుకున్న డబ్బుని వేరే ఖాతాలో వేరుగానే ఉంచాలి, కాగితాలు దాచుకోవాలి, జాయింట్ ఖాతా నుంచి కట్టినదాన్ని ఏమనుకోవాలో ఒప్పందంలోనే రాసుకోవాలి. షరతులు మార్చుకోవాలంటే అది కూడా రాతపూర్వకంగా, ఇద్దరి సంతకాలతోనే. నోటిమాటగా మార్చేసుకున్నాం అంటే ఎవరూ వినరు.

మా చెల్లెలి విషయానికి వస్తాను. తను ఆ రాత్రి సంతకం పెట్టలేదు. పెళ్లికొడుక్కి ఫోన్ చేసి, ఒప్పందం వద్దని నేను అనడం లేదు, నాకు చదువుకునే టైం కావాలి, ఆ ఖాళీ పేజీ నింపి పంపు అంది. అతను నొచ్చుకున్నాడు. మా ఇంట్లో కూడా మాటలు పడ్డాయి, ఇంత దూరం వచ్చాక ఇదేం పట్టుదల అని. ఆ మూడు రోజులు తను పడ్డ టెన్షన్ నేను దగ్గరుండి చూశాను, అన్నం ముందు కూర్చుని అలాగే లేచిపోయేది. పెళ్లి రెండు నెలలు వాయిదా పడింది. తను సొంత లాయర్‌ని పెట్టుకుంది, ఆ ఫీజు అతనే ఇస్తానన్నా వద్దని తనే కట్టింది. ఆ లాయర్ అవతలి లాయర్‌తో మాట్లాడినప్పుడు తెలిసిందేమిటంటే, నాలుగు రోజుల ముందు సంతకం పెట్టించి ఉంటే ఎక్కువ ప్రమాదం మా చెల్లెలికి కాదు, అతనికే. ఎందుకంటే తన వ్యాపారాన్ని కాపాడుకోవడానికి రాయించిన కాగితం, ఖాళీ షెడ్యూల్‌తో, అబద్ధపు వాక్యంతో, రేపు కోర్టులో మొదటి దెబ్బకే పడిపోయేది. అవతలి లాయర్ కూడా కాదనలేదు.

షెడ్యూల్ నిండి వచ్చింది, మూడు పేజీలు. అందులో వ్యాపారం మీద తీసుకున్న ఒక పెద్ద అప్పు ఉంది, దానికి అతను వ్యక్తిగతంగా పూచీ ఉన్నాడు. ఆ సంగతి అప్పటిదాకా ఎవరికీ తెలియదు. అతను దాచాలని దాచలేదు, చెప్పడానికి సిగ్గుపడ్డాడు, ఆ రోజు ఎదురుగా కూర్చుని చెప్పాడు. మా చెల్లెలు, ఆ అప్పుకి తనకి సంబంధం లేదని, పిల్లలు పుట్టి తను ఉద్యోగం మానేస్తే భరణం షరతు మారుతుందని, పదేళ్ల తర్వాత మళ్లీ కూర్చుని చూసుకోవాలని కొత్తగా రాయించుకుంది. సంతకానికీ పెళ్లికీ మధ్య 33 రోజులు ఉన్నాయి. ప్రతి పేజీ అడుగున ఇద్దరి పొట్టి సంతకాలు, వెనక ఇద్దరు లాయర్ల ధ్రువీకరణ పత్రాలు. ఒక కాపీ నా బీరువాలో ఉంచమని ఇచ్చింది.

మీకు నాదొక విన్నపం. ఈ విషయం మీద మీరు మళ్లీ ఏదైనా వేసినప్పుడు, ప్రీనప్ మంచిదా చెడ్డదా అని నలుగురి అభిప్రాయాలు అడగడంతో ఆపకండి. కుటుంబ కేసులు చూసే లాయర్ ఒకరి చేత, కాగితం చేతికొచ్చిన రోజు ఏం చేయాలి, ఎన్ని రోజులు అడగాలి, ఆస్తుల చిట్టాలో ఏమేం ఉండాలి, తన లాయర్ ఫీజు ఎవరు కట్టాలి, చెల్లని షరతు ఉంటే మొత్తం కాగితం పోతుందా ఆ షరతు ఒక్కటే పోతుందా, వీటికి జవాబులు రాయించండి. పసుపు చీటీలు అంటించిన కవరు ఈ రోజు ఇంకెవరి చేతికో అంది ఉంటుంది, వాళ్లకి పెళ్లి ఇంకా ఎన్ని రోజులు ఉందో.

ఇట్లు,
ఒక పాఠకురాలు